గుంటూరులో సూర్యుడి గుట్టు విప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త: జాన్సెన్ నిజంగా కనిపెట్టిందేమిటి?

1868 ఆగస్టు 18, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో గుంటూరు పట్టణాన్ని చీకటి కమ్మేసింది. సంపూర్ణ సూర్యగ్రహణం అది. దాదాపు ఐదు ముప్పావు నిమిషాల పాటు సూర్యబింబం చంద్రుడి వెనక పూర్తిగా దాక్కుంది. ఊళ్లో ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంటి మేడ మీద నలభై నాలుగేళ్ల పొట్టి మనిషి ఒకరు, కాస్త కుంటుతూ, టెలిస్కోపుకు బిగించిన వర్ణపటదర్శిని దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఆ ఐదు నిమిషాల కోసమే ఆయన ప్యారిస్ నుంచి వచ్చారు. పేరు పియెర్ జూల్ సీజర్ జాన్సెన్.

మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈయన పేరు ఒకే ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. గుంటూరులో హీలియం వాయువును కనిపెట్టిన శాస్త్రవేత్త అని. ఆ వాక్యంలో సగమే నిజం. జాన్సెన్ గుంటూరులో కనిపెట్టింది చిన్నదేమీ కాదు, ఒక రకంగా హీలియం కంటే పెద్దది. కానీ అది హీలియం కాదు. ఆ తేడా అర్థం కావాలంటే ముందు ఆ మనిషి ఎవరో, అంత దూరం ఎందుకు వచ్చారో తెలియాలి.

బడికి వెళ్లని పిల్లవాడు

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న ప్యారిస్‌లో పుట్టారు. తండ్రి సంగీతకారుడు, క్లారినెట్ వాయించేవారు. తల్లి ఒక వాస్తుశిల్పి కుమార్తె. పసితనంలో ఆయా అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదంలో ఆయన కాలు దెబ్బతింది. జీవితాంతం ఆ కుంటు పోలేదు. చిన్నప్పుడు బడికి పంపలేదు. చదువు ఇంట్లోనే సాగింది. ఇంటి పరిస్థితి కూడా అంతంత మాత్రమే కావడంతో పదహారేళ్లకే బ్యాంకులో ఉద్యోగానికి కుదిరారు. దాదాపు ఎనిమిదేళ్లు అక్కడే పనిచేశారు.

మిగిలిన సమయంలో చదువుకున్నారు. 1849లో బాకలోరియా పరీక్ష గట్టెక్కారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఆ వయసుకు తోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడిపోయి ఉంటారు. మరో మూడేళ్లకు గణితంలో పట్టా వచ్చింది. కొన్నాళ్లు ఒక లైసీలో తాత్కాలిక ఉపాధ్యాయుడిగా పాఠాలు చెప్పారు. ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త కావాలంటే ఎకోల్ పాలిటెక్నిక్ లాంటి పెద్ద సంస్థల్లో చదివి ఉండాల్సిన రోజులవి. జాన్సెన్‌కు ఆ ముద్ర లేదు. పెద్ద ప్రయోగశాలల్లో ఆయనకు చోటు దొరకలేదు. బహుశా అందుకే ఆయన ప్రయోగశాలను వెంటబెట్టుకుని ప్రపంచమంతా తిరిగారు.

మొదటి ప్రయాణం 1857లో. భూ అయస్కాంత మధ్యరేఖ ఎక్కడుందో కొలవడానికి గ్రాండిడియే సోదరులతో కలిసి పెరూ వెళ్లారు. అక్కడ విరేచనాల జబ్బుతో మంచాన పడి మరుసటి ఏడాది తిరిగొచ్చారు. 1860లో డాక్టరేట్ సంపాదించారు. సిద్ధాంత వ్యాసం కంటి గురించి. వెలుతురుతో పాటు వచ్చే కంటికి కనిపించని వేడి కిరణాలను కంటిలోని ద్రవభాగాలు మధ్యలోనే పీల్చేసుకుంటాయని, దాంతో రెటీనాకు రక్షణ దొరుకుతుందని ఆయన ప్రయోగాల్లో చూపించారు.

గాజు పట్టకం చెప్పే కబుర్లు

సరిగ్గా అదే సమయంలో జర్మనీలో గొప్ప సంచలనం జరిగింది. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ కలిసి వెలుతురును చదవడం ఎలాగో చెప్పారు. సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సు రంగులు పరుచుకుంటాయి. ఆ రంగుల మధ్య అక్కడక్కడ సన్నని నల్లటి గీతలు ఉంటాయి. ఒక్కో మూలకానికి తనవైన గీతలుంటాయి. సోడియం గీతలు సోడియానివే, హైడ్రోజన్ గీతలు హైడ్రోజన్‌వే. అంటే సూర్యుడి దాకా వెళ్లకుండానే అక్కడ ఏముందో చెప్పొచ్చు. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎప్పటికీ తెలియదని అంతకు పాతికేళ్ల కిందటే ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోమ్ట్ తీర్మానించేశారు. ఆ తీర్మానం అంత త్వరగా తలకిందులైంది.

జాన్సెన్ 1862లో ప్యారిస్‌లోని మోంమార్త్ర్‌లో తన ఇంటి పైకప్పు మీదే చిన్న అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన్ను పట్టుకున్న ప్రశ్న చాలా సూటిది. సూర్యకాంతిలో కనిపించే నల్లగీతలన్నీ సూర్యుడివేనా? సూర్యుడు ఉదయించేటప్పుడు, అస్తమించేటప్పుడు కొన్ని గీతలు ముదురుతాయని స్కాట్లండ్‌కు చెందిన బ్రూస్టర్ అప్పటికే గమనించారు. ఆ వేళల్లో కాంతి ఎక్కువ గాలి గుండా ప్రయాణిస్తుంది. మరి ఆ గీతలు మన గాలి వేసినవే అయితే?

దాన్ని తేల్చడానికి జాన్సెన్ చేసిన పనులు చూస్తే ఆయన పద్ధతి ఏమిటో తెలుస్తుంది. 1864లో స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కి, గాలి పలచబడినచోట ఆ గీతలు కూడా సన్నబడతాయని చూశారు. జెనీవా సరస్సు ఒడ్డున ఒకచోట పెద్ద మంట వేయించి, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి దాని వర్ణపటాన్ని పరిశీలించారు. దగ్గర నుంచి చూస్తే లేని గీతలు దూరం నుంచి చూస్తే వచ్చాయి. మధ్యలో ఉన్నది గాలి, అందులో నీటి ఆవిరి తప్ప మరేమీ లేదు. 1866లో ప్యారిస్‌లోని లా విలెత్ గ్యాస్ కర్మాగారంలో 37 మీటర్ల ఇనుప గొట్టాన్ని ఒత్తిడితో కూడిన ఆవిరితో నింపి, దాని గుండా గ్యాస్ దీపాల కాంతిని పంపారు. అవే గీతలు. వాటికి ఆయన భూగీతలు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మరో గ్రహం మీద నీటి ఆవిరి ఉందా లేదా అని ఇవాళ అంతరిక్ష టెలిస్కోపులు వెతికే పద్ధతికి మూలం ఈ గొట్టంలోనే ఉందంటే అతిశయోక్తి కాదు.

గుంటూరే ఎందుకు?

1868 గ్రహణం మామూలుది కాదు. సంపూర్ణ దశ అంత ఎక్కువసేపు ఉండే గ్రహణాలు అరుదు. పైగా వర్ణపటదర్శిని చేతికొచ్చాక వచ్చిన మొదటి పెద్ద గ్రహణం. చంద్రుడి నీడ భారతదేశాన్ని పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా కోస్తూ వెళ్లి, బంగాళాఖాతం దాటి సయాం మీదుగా పోతుంది. ఆగస్టు అంటే మనకు వానాకాలం. పడమటి కనుమల దగ్గర మబ్బులు, తీరాన సముద్రపు తేమ. కొండలకూ సముద్రానికీ మధ్యన ఉన్న గుంటూరు జాన్సెన్‌కు మెరుగ్గా అనిపించింది.

అప్పటికి సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. మద్రాసు చేరాక గవర్నర్ నేపియర్ ఆయనకు సాయం చేశారు. అక్కడి నుంచి సముద్రం మీద మచిలీపట్నం, ఆపైన గుంటూరు. ఈ ప్రాంతానికి ఫ్రెంచివాళ్లు కొత్త కాదు. వందేళ్ల కిందట బుస్సీ కాలంలో ఉత్తర సర్కారులు కొన్నాళ్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. 1868 నాటికి యానాం లాంటి చిన్న చిన్న ముక్కలే మిగిలాయి. ఫ్రెంచి ప్రభుత్వం పంపిన శాస్త్రవేత్తకు ఆంగ్లేయ అధికారులు దారి చూపించడం ఆ కాలానికి విచిత్రమేమీ కాదు. గ్రహణం విషయంలో పోటీ ఉంది కానీ శత్రుత్వం లేదు.

గుంటూరులోనే మేజర్ టెన్నంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా దిగింది. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్. పడమట జంఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్. నిజాం రాజ్యంలోని వనపర్తికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి చింతామణి రఘునాథాచారి బృందం వెళ్లింది. ఆర్ రెటిక్యులి అనే చర నక్షత్రాన్ని అంతకు ఏడాది ముందే గుర్తించిన వ్యక్తి ఆయన. ఇవాళ వనపర్తిలో ఆ పేరు ఎందరికి తెలుసో చెప్పలేం. సయాంలో స్వయంగా రాజు మోంగ్‌కుట్ గ్రహణం చూడటానికి అడవిలోకి తరలివచ్చారు. అక్కడే మలేరియా సోకి కొన్ని వారాల్లో చనిపోయారు.

సంపూర్ణ గ్రహణ సమయంలో నల్లని బింబం అంచున ఎర్రని నాలుకల్లాంటివి కనిపిస్తాయి. ప్రామినెన్స్‌లు అని పిలిచే ఈ జ్వాలలు సూర్యుడివా, చంద్రుడివా, మన కంటి భ్రమా అన్న వాదన చాలాకాలం నడిచింది. సూర్యుడివేనని 1860 గ్రహణం నాటి ఫొటోలు తేల్చాయి. కానీ అవి మేఘాలా, పర్వతాలా, మండుతున్న వాయువా తెలియదు. గుంటూరులో చీకటి పడిన క్షణాన జాన్సెన్ తన పరికరం చీలికను ఆ జ్వాలల మీదికి తిప్పారు. ఇంద్రధనుస్సు కనిపించలేదు. కొన్ని మెరిసే గీతలు మాత్రమే కనిపించాయి. అంటే అది ఘనపదార్థం కాదు, మండే వాయువు. అందులో ప్రధానంగా హైడ్రోజన్. ఆ రోజు మిగతా బృందాలు కూడా ఇదే చూశాయి. ఇంతవరకూ జాన్సెన్ పదిమందిలో ఒకరు.

తేడా ఆ తర్వాత వచ్చింది. ఆ గీతలు ఆయన ఊహించినదానికంటే చాలా ప్రకాశవంతంగా ఉన్నాయి. ఇంత వెలుగు ఉన్నప్పుడు గ్రహణంతో పనేముందన్న ఆలోచన ఆ నిమిషాల్లోనే తట్టింది. ఆ రోజు వెంటనే ప్రయత్నిద్దామంటే మబ్బు పట్టింది. రాత్రంతా ఆలోచించి, తెల్లవారుజామునే లేచి, 19వ తేదీ ఉదయం సూర్యుడు పైకి రాగానే పరికరం చీలికను సూర్యబింబం అంచుకు సరిగ్గా ఆనించారు. గ్రహణం లేదు. ఎండ కాస్తోంది. అయినా జ్వాలల గీతలు కనిపించాయి.

దీని వెనక కిటుకు అర్థం చేసుకోవడం కష్టం కాదు. పగలు జ్వాలలు కనిపించకపోవడానికి కారణం అవి మసకగా ఉండటం కాదు, చుట్టూ ఆకాశపు వెలుతురు వాటిని ముంచెయ్యడం. ఆ వెలుతురులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. పట్టకాలు పెట్టి బాగా సాగదీస్తే అది పరుచుకుపోయి పలచబడుతుంది. జ్వాలల కాంతి అలా కాదు. అది రెండు మూడు రంగుల్లోనే గుమిగూడి ఉంటుంది. ఎంత సాగదీసినా ఆ గీతలు పలచబడవు. నేపథ్యం చీకటవుతుంది, గీత మాత్రం నిలుస్తుంది. చీలికను అంచు వెంట కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే, ముక్క ముక్కగా జ్వాల ఆకారం మొత్తం గీయొచ్చు.

అప్పటిదాకా మనిషికి ఏడాదికో, రెండేళ్లకో, ఏ దేశంలోనో, నాలుగైదు నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యమది. గుంటూరులో అది రోజూ దొరికేదిగా మారిపోయింది. సెప్టెంబర్ 4 దాకా, పదిహేడు రోజుల పాటు జాన్సెన్ ఆ జ్వాలలను చూస్తూ, గీస్తూ గడిపారు. కొన్ని నిమిషాల్లోనే వాటి ఆకారాలు మారిపోవడం గమనించారు. ఆయన అసలు ఘనత ఇది.

కాకినాడ ఉత్తరం

తన పద్ధతి గురించి ఆయన ఫ్రెంచి సైన్స్ అకాడమీకి ఉత్తరం రాసింది సెప్టెంబర్ 19న, కాకినాడ నుంచి. ఓడ మీద అది ప్యారిస్ చేరేసరికి అక్టోబర్ చివరి వారం వచ్చింది. ఈలోగా లండన్‌లో యుద్ధ శాఖలో గుమస్తాగా పనిచేస్తూ తీరిక వేళల్లో సూర్యుణ్ని పరిశీలించే నార్మన్ లాక్యర్‌కు చాలాకాలం కిందట ఆర్డరిచ్చిన వర్ణపటదర్శిని ఎట్టకేలకు చేతికందింది. ఇదే ఆలోచన ఆయనకు 1866 నుంచీ ఉంది. అక్టోబర్ 20న, ఏ గ్రహణమూ లేకుండా, ఇండియా ముఖం చూడకుండా, ఇంగ్లండ్‌లోనే ఆ గీతలను పట్టుకున్నారు.

అక్టోబర్ 26న జరిగిన అకాడమీ సమావేశానికి రెండు ఉత్తరాలూ కొద్ది నిమిషాల తేడాతో అందాయి. నెలకు పైగా తేదీ ముందున్నది జాన్సెన్‌ది. ఆలోచనలో ముందున్నది లాక్యర్. పెద్ద తగాదా అయ్యుండాల్సింది. ఖగోళవేత్త ఎర్వే ఫాయ్ లేచి, ఇద్దరికీ గౌరవం పంచుదామని సూచించారు. అలాగే జరిగింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం ముద్రించింది. ఆ ఇద్దరూ జీవితాంతం మిత్రులుగానే ఉన్నారు.

మరి హీలియం? ఆ గ్రహణం రోజున చాలామంది పరిశీలకులకు పసుపు రంగులో ఒక మెరిసే గీత కనిపించింది. అందరూ దాన్ని సోడియం గీత అనుకున్నారు. మచిలీపట్నంలో పాగ్సన్ మాత్రం అది సోడియం గీత చోటనో, దాని పక్కనో ఉందన్నట్టు నమోదు చేశారు. అది సోడియం గీత కాదని కొలిచి చెప్పింది లాక్యర్. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లండ్‌తో కలిసి ప్రయోగశాలలో దాన్ని పుట్టించాలని చూశారు. హైడ్రోజన్‌తో కుదరలేదు. భూమ్మీద తెలియని మూలకమేదో సూర్యుడిలో ఉందన్న అనుమానం బలపడి, సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ నుంచి 1871 నాటికి హీలియం అన్న మాట వాడుకలోకి వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును వెలికితీశాకే వివాదం ముగిసింది.

ఈ కథలో జాన్సెన్ ఎక్కడా కొత్త మూలకం దొరికిందని చెప్పుకోలేదు. ఆయన దృష్టంతా హైడ్రోజన్ గీతల మీద, పద్ధతి మీద ఉంది. హీలియం ఆనవాలు తొలిసారి మనిషి కంటపడిన చోట్లలో గుంటూరు, మచిలీపట్నం ఉన్నాయన్నది నిజం. హీలియాన్ని గుంటూరులో కనిపెట్టారన్నది మాత్రం తర్వాతి తరాలు కుదించి రాసుకున్న మాట. చిత్రమేమిటంటే, చేయని పనికి పేరు తగిలించి, చేసిన పనిని మనం మరిచిపోయాం.

బెలూన్ ఎక్కిన ఖగోళవేత్త

గుంటూరు తర్వాత జాన్సెన్ వెంటనే ఇంటికి వెళ్లలేదు. శిమ్లా దాకా పోయి, హిమాలయాల పొడి గాలిలో సూర్యకాంతి గీతలు ఎలా ఉంటాయో చూశారు. ప్యారిస్‌లో ఉన్న భార్య ఆన్రియెట్‌కు ప్రయాణాల నుంచి రాసిన ఉత్తరాలు చాలా ఉన్నాయి. ఇప్పటి చరిత్రకారులకు అవే పెద్ద ఆధారం.

1870 డిసెంబర్ 22న అల్జీరియా మీదుగా మరో సంపూర్ణ గ్రహణం ఉంది. జాన్సెన్ ప్యారిస్‌లో చిక్కుకుపోయారు. సెప్టెంబర్ నుంచి ప్రష్యా సైన్యం నగరాన్ని ముట్టడించి ఉంది. లోపలి నుంచి బయటికి ఉత్తరాలు పోవాలన్నా, మనుషులు పోవాలన్నా గ్యాస్ బెలూన్లే దిక్కు. ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఆయన కోసం ప్రష్యా నుంచి అనుమతి పత్రం సంపాదించడానికి ముందుకొచ్చారు. ఆయన ఆ దారి వద్దన్నారు. శత్రువు దయతో నగరం దాటడం ఆయనకు ఇష్టం లేదు.

డిసెంబర్ 2న తెల్లవారకముందే, ఇంకా చీకటిగా ఉండగానే, వోల్టా అనే బెలూన్‌లో టెలిస్కోపు భాగాలు కట్టిన పెట్టెలతో ఎక్కారు. వెంట ఒక నావికుడు. ఇద్దరిలో ఎవరికీ బెలూన్ నడిపిన అనుభవం లేదు. ప్రష్యన్ల తలల మీదుగా ఎగిరి, సుమారు ఐదు గంటల తర్వాత అట్లాంటిక్ తీరానికి దగ్గరలో, లువార్ నది ముఖద్వారం వైపు దిగారు. ఇంకాసేపు ఆలస్యమైతే సముద్రంలో పడేవారు. అక్కడి నుంచి అల్జీరియాలోని ఒరాన్ చేరారు. గ్రహణం రోజున మబ్బు పట్టింది. ఏమీ కనిపించలేదు.

ప్రాణాలకు తెగించి వచ్చిన మనిషికి అంత ఆశాభంగం. మరుసటి ఏడాదే మళ్లీ బయల్దేరారు. ఈసారి కూడా దక్షిణ భారతమే. 1871 డిసెంబర్ 12 గ్రహణాన్ని నీలగిరుల్లో ఊటీ దగ్గరి షోలూరు నుంచి చూశారు. ఆకాశం నిర్మలంగా ఉంది. సూర్యుడి చుట్టూ ముత్యపు రంగులో కనిపించే కరోనాలో కొంత వెలుగు దాని సొంతమని, కొంత సూర్యకాంతి అక్కడి కణాల మీద పడి తిరిగొచ్చినదని ఆయన గుర్తించారు. కరోనా సూర్యుడి భాగమే అని ఒప్పించడంలో ఇది కీలకమైంది. 1873లో సైన్స్ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. బ్యాంకు గుమస్తాగా మొదలైన మనిషికి అప్పుడు నలభై తొమ్మిదేళ్లు.

సినిమాకు ఒక దారి

1874 డిసెంబర్‌లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగే అరుదైన ఘట్టం వచ్చింది. శుక్రుడు బింబం అంచును తాకే క్షణాన్ని వేర్వేరు దేశాల నుంచి కచ్చితంగా కొలిస్తే సూర్యుడికీ భూమికీ మధ్య దూరం లెక్కకట్టొచ్చు. కానీ 1761, 1769 అనుభవాల్లో పక్కపక్కన నిలబడిన పరిశీలకులే వేర్వేరు సమయాలు చెప్పారు. కంటిని నమ్మడానికి లేదు.

జాన్సెన్ ఆలోచన ఏమిటంటే, ఆ క్షణాన్ని ఒక్క ఫొటోగా కాకుండా వరుస ఫొటోలుగా తీయాలి. రివాల్వర్ పిస్తోలులో గుళ్ల చక్రం తిరిగినట్టు, గుండ్రటి ఫొటో పలక గడియారం యంత్రంతో ఆగి ఆగి తిరుగుతుంది. ఒక్కో ఆగుడుకు ఒక్కో బొమ్మ పడుతుంది. 72 సెకన్లలో 48 బొమ్మలు. జపాన్‌కు వెళ్లే దారిలో హాంకాంగ్ దగ్గర ఆయన ఓడ తుపానులో చిక్కుకుంది. చివరికి నాగసాకిలో మకాం వేశారు. అక్కడి బృందంలో బ్రెజిల్‌కు చెందిన యువ ఖగోళవేత్త అల్మేదా ఈ రివాల్వర్ నడిపారు.

దూరాన్ని లెక్కకట్టడానికి ఆ బొమ్మలు ఆశించినంతగా ఉపయోగపడలేదన్నది నిజమే. కానీ కదిలే వస్తువును క్రమమైన విరామాలతో బొమ్మలుగా పట్టొచ్చని, పక్షుల ఎగరడాన్ని ఇలాగే అధ్యయనం చేయొచ్చని జాన్సెన్ సూచించారు. శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్-జూల్ మారే 1882లో తన ఫొటో తుపాకీ తయారుచేయడానికి ఈ రివాల్వరే ప్రేరణ. మారే నుంచి సినిమా కెమెరా దాకా దారి సూటిగానే ఉంది. 1895 జూన్‌లో ఫొటోగ్రాఫర్ల మహాసభకు లియోన్ వచ్చిన జాన్సెన్‌ను లూయీ లూమియేర్ తన కొత్త సినిమాటోగ్రాఫ్‌తో చిత్రీకరించారు. ప్యారిస్‌లో డబ్బులిచ్చి టికెట్ కొన్న ప్రేక్షకులు సినిమా చూడటానికి ఇంకా ఆరు నెలలు ఉంది. తన ఆలోచన మనవడి వయసుకొచ్చి ఎదురుగా నిలబడటం చూసే అదృష్టం చాలామంది ఆవిష్కర్తలకు ఉండదు.

ఓడిన వాదన, మంచు మీద కట్టడం

ప్యారిస్ శివార్లలో మ్యూడాన్ అనే చోట యుద్ధంలో కాలిపోయిన రాజభవనం ఉంది. సూర్యుడి అధ్యయనం కోసం ప్రత్యేకంగా ఒక అబ్జర్వేటరీ కావాలని పోరాడి, 1876లో ఆ శిథిలాల్లోకి మారారు జాన్సెన్. గుర్రపుశాలలు ప్రయోగశాలలయ్యాయి. చనిపోయేదాకా దానికి ఆయనే డైరెక్టర్. సూర్యుడి ఉపరితలం బియ్యపు గింజలు పరిచినట్టు ఉండటాన్ని అంత స్పష్టంగా ఫొటోల్లో చూపించింది అక్కడి నుంచే. మూడు దశాబ్దాల్లో తీసిన వేలాది ఫొటోల నుంచి ఎంపికచేసిన సూర్య చిత్రపటాల సంపుటి ఆయన చివరి రోజుల్లో వెలువడింది.

1884 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో ప్రపంచానికి సున్నా డిగ్రీల రేఖాంశం ఏదో తేల్చే సమావేశం జరిగింది. ఫ్రాన్స్ తరఫున జాన్సెన్ వెళ్లారు. ఏ దేశానికీ చెందని, సముద్రం మీదుగా పోయే తటస్థ రేఖను ఎంచుకోవాలని వాదించారు. వాదనలో తర్కం ఉంది. కానీ అప్పటికే ప్రపంచ నౌకల్లో అధిక భాగం గ్రీనిచ్ పటాలతో నడుస్తున్నాయి. 22 దేశాలు గ్రీనిచ్‌కు ఓటేశాయి. ఒకటి వ్యతిరేకించింది. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. ఇవాళ మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖ ఆ గ్రీనిచ్ నుంచి కొలిచిందే. జాన్సెన్ గుంటూరు ఉత్తరం రాసిన కాకినాడకు దగ్గర నుంచే అది పోతుంది.

వయసు అరవై దాటాక ఆయన్ను పాత ప్రశ్నే మళ్లీ పట్టుకుంది. సూర్యకాంతిలో ఆక్సిజన్‌వి అని చెప్పే నల్లని పట్టీలు సూర్యుడివా, మన గాలివా? 1889లో కొత్తగా లేచిన ఈఫిల్ టవర్ మీది విద్యుద్దీపాన్ని ఏడు కిలోమీటర్లకు పైగా దూరంలోని మ్యూడాన్ నుంచి పరిశీలించారు. మధ్యలో ఉన్న గాలి ఒక్కటే ఆ పట్టీలను వేసింది. అయినా తృప్తి కలగలేదు. గాలి పలచబడేచోటికి పోవాలి. 4,800 మీటర్లకు పైగా ఎత్తున్న మోంబ్లాంక్ శిఖరం ఆయన లక్ష్యం.

కుంటి కాలుతో, అరవై నాలుగేళ్ల వయసులో 1888లో సగం దాకా వెళ్లారు. గైడ్లు, కూలీలు నిచ్చెన లాంటి కుర్చీలో మోశారు. 1890లో మంచు బండి మీద శిఖరానికి చేర్చారు. అక్కడే శాశ్వత అబ్జర్వేటరీ కట్టాలన్నది తర్వాతి పట్టుదల. ఈఫిల్ ఇంజినీర్ల బృందం మంచులో సొరంగాలు తవ్వి చూసింది. పునాదికి రాయి తగల్లేదు. ఆ పనుల సమయంలో ఒక యువ వైద్యుడు పర్వతం మీదే చనిపోయారు. ఈఫిల్ తప్పుకున్నారు. జాన్సెన్ తగ్గలేదు. రాయి లేకపోతే మంచు మీదే కడదామన్నారు. మ్యూడాన్‌లో చెక్క కట్టడం తయారుచేయించి, విడగొట్టి, కూలీల వీపుల మీద పైకి పంపారు. 1893లో అది నిలబడింది. అరవై తొమ్మిదేళ్ల జాన్సెన్ మళ్లీ పైకి వెళ్లి కొలతలు తీశారు.

ఆ పట్టీలు భూమి గాలివేనన్న ఆయన నిర్ణయం సరైనదే. దాన్నిబట్టి సూర్యుడిలో ఆక్సిజన్ లేదన్న ఆయన నమ్మకం మాత్రం నిలవలేదు. కొన్నేళ్లకే వేరే గీతల ద్వారా అక్కడ ఆక్సిజన్ ఉందని తేలింది. పద్ధతిలో అంత జాగ్రత్త ఉన్న మనిషి ఒక ఫలితం నుంచి అంత పెద్ద ముగింపుకు దూకడం ఆశ్చర్యమే. ఒక మనిషి కోరిక కోసం అంతమంది కూలీలు అంత ఎత్తుకు ప్రాణాలు పణంగా పెట్టి బరువులు మోయడం సబబేనా అన్న ప్రశ్న కూడా ఉంది. వాళ్ల పేర్లు సైన్స్ చరిత్రలో పెద్దగా కనిపించవు.

1907 డిసెంబర్ 23న, ఎనభై మూడేళ్ల వయసులో జాన్సెన్ మ్యూడాన్‌లో కన్నుమూశారు. శిఖరం మీది కట్టడం అప్పటికే మంచులో కూరుకుపోతోంది. 1909లో దాన్ని వదిలేశారు. మ్యూడాన్‌లో ఆయన తర్వాత పగ్గాలు పట్టిన ఆన్రీ డెలాండ్ర్, అమెరికాలో జార్జ్ హేల్, ఎవరికి వారుగా 1890లలోనే గుంటూరు కిటుకును యంత్రంగా మార్చారు. ఒకే గీత రంగులో, చీలికను జరుపుతూ, సూర్యుడి మొత్తం బింబాన్ని ఫొటో తీసే పరికరమది. పాగ్సన్ పనిచేసిన మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలైన కొడైకెనాల్ అబ్జర్వేటరీలోనూ అలాంటి పరికరాన్ని బిగించారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నుంచి అక్కడ ఆ పద్ధతిలో తీసిన సూర్యుడి ఫొటో పలకలను ఇప్పుడు డిజిటల్ రూపంలోకి మార్చి, వందేళ్ల సూర్యుడి నడవడికను లెక్కకట్టడానికి వాడుతున్నారు.